అత్తకు ఎయిర్ గన్ ఎంచింది నేనే

మా అత్త పోయిందన్న మాట నాకు స్కూల్లో తెలిసింది. సోషల్ క్లాసు జరుగుతుండగా ఆయా వచ్చి బ్యాగు సర్దుకోమంది. గేటు బయట నాయన బండి మీదే కూర్చుని ఉన్నాడు. స్టాండు వేయలేదు. రెండు కాళ్ళూ నేలకు ఆనించి హ్యాండిల్ వైపు చూస్తున్నాడు. "ఎక్కు పాపా. అత్త లేదింక" అన్నాడు. ఆయన వీపు వెనక కూర్చున్న నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. ఆ భయం ఏమిటో దాచిపెట్టి అత్త గురించి రాయాలని మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ చింపేశాను. అందుకని అదీ రాస్తున్నాను.

కళ్యాణదుర్గం నుంచి అనంతపురం వెళ్ళే రోడ్డులో మీ బండి టైరు ఎప్పుడైనా దిగిపోయి ఉంటే మీరు ఆమెను చూసే ఉంటారు. రేకుల షెడ్డు. ముందర సున్నంతో 'గాలి' అని రాసిన పాత లారీ టైరు. చీర మీద మామ ఖాకీ చొక్కా తొడుక్కుని, చేతులు మోచేతుల దాకా మడిచి, ఒక ఆడమనిషి లారీ చక్రం ముందు గొంతుక్కూర్చుని ఉండేది. కొత్త డ్రైవర్లు ఆమెను దాటి లోపలికి చూసేవాళ్ళు, మేస్త్రీ ఎక్కడా అని. "మేస్త్రీ లోపల పండుకోనుండాడు, నేను ఆయప్ప చేతులు" అనేది అత్త. నవ్వాలో వద్దో వాళ్ళు తేల్చుకునేలోపు జాకీ పెట్టేసేది.

అది అబద్ధమేమీ కాదు. గాలి కొడుతుంటే టైరు రింగు ఎగిరి తగిలి మామ నడుము పోయాక షెడ్డు ఆమె చేతికి వచ్చింది. మామ మంచం మీద నుంచి చెప్పేవాడు, ఆమె చేసేది. రెండేళ్ళకు మామ చెప్పడం మానేశాడు, ఆమెకు అన్నీ వచ్చేశాయి కాబట్టి.

పని మొదలుపెట్టే ముందు ప్రతి డ్రైవర్‌నూ తిన్నావా అని అడిగేది. మర్యాదకు అనుకున్నాను. "ఆకలిగా ఉండేటోడు తొందరపెడతాడు, తొందరపెడితే నేను తప్పు చేస్తా" అని చెప్పింది ఒకసారి. విప్పిన నట్లు ఎప్పుడూ కింద పెట్టేది కాదు, చొక్కా జేబులో వేసుకునేది. నేల మీద పెట్టిన నట్టు నేలదైపోతుందట. కర్ణాటక లారీలు వస్తే కన్నడంలోకి మారిపోయేది, ముఖ్యంగా తిట్టాల్సి వస్తే. తిట్లకు కన్నడమే బాగుంటుందని, మెత్తగా లోపలికి దిగుతుందని ఆమె నమ్మకం. సాయంత్రం కిరసనాయిలు, ఇసుకా కలిపి చేతులు రుద్దుకుని ఒకే చెంబు నీళ్ళతో కడుక్కునేది. అందులోనే సగం మిగిల్చి కాళ్ళకు పోసుకునేది.

నేను అక్కడికి పోవడం నాయనకు ఇష్టం లేదు. ఇంగ్లీషు చదువు చదివించేది టైర్లు దొర్లించడానికా అనేవాడు. అందుకని శనివారం ట్యూషన్ అని చెప్పి షేర్ ఆటోలో షెడ్డు దగ్గర దిగేదాన్ని. గ్రీజు అంటినా తెలియకుండా ఒక పాత డ్రెస్సు మామ మంచం కింద దాచుకున్నాను. అత్త అంతా చూసి ఒక్క మాటే అంది. "మీ నాయన అడక్కుంటే చెప్పను కోడలా. అడిగితే మాత్రం అబద్ధం చెప్పను."

నాయన అడగలేదు. నేను ట్యూబుకు అతుకు వేయడం నేర్చుకున్నాను. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలని నేర్చుకున్నాను. స్కూల్లో ఎవరికీ చెప్పలేదు.

లారీ నట్లు మాత్రం నా వల్ల అయ్యేవి కావు. ఆమె వల్లా అయ్యేవి కావు నిజానికి. ఎండకు, దుమ్ముకు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటాయి. పానాకు మనిషి పొడవు పైపు తొడిగి, లారీ బాడీ పట్టుకుని, ఆ పైపు మీద రెండు కాళ్ళతో ఎక్కి నిలబడేది. సన్నటి మనిషి. ఒక్కోసారి ఎగిరి తొక్కాల్సి వచ్చేది. పైపును చేతుల్తో లాగీ లాగీ కుడి భుజం పోయింది. చెయ్యి పైకి లేచేది కాదు. శనివారాలు ఆమెకు జడ నేనే వేసేదాన్ని.

గన్ను తెచ్చుకోక్కా అని డ్రైవర్లు ఎప్పటినుంచో చెప్తున్నారు. గాలి పైపు తగిలించి మీట నొక్కితే నట్టును దడదడ కొట్టి విప్పేసే మిషను అది. చివరికి ఒప్పుకుంది. "నువ్వు రా కోడలా, డబ్బా మీద అంతా ఇంగ్లీషే ఉంటాది" అంది. ఆ రోజు బస్సులో నాకు ఎంత గర్వంగా ఉందో ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది.

అనంతపురంలో ఆ అంగడి ఆయన పెద్దాయన. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని మూడు వస్తువులు ముందర పెట్టాడు. కార్లకు సరిపోయే చిన్న గన్ను. లారీలకు వాడే పొడుగు ముక్కు పెద్ద గన్ను. మూడోది చేత్తో తిప్పే గేరు పెట్టె. దానికి గాలితో పనిలేదు, నిదానంగా తిప్పుతూ పోతే ఎంత బిగుసుకున్న నట్టయినా వస్తుందన్నాడు. తర్వాత అత్తను అడిగాడు, మీ కంప్రెసర్ ఎంతది, ట్యాంకు చిన్నదా పెద్దదా అని.

అత్త నా వైపు చూసింది. నేను పెద్ద గన్ను డబ్బా చదువుతున్నాను. తొంభై ప్రెషర్ కావాలని ఉంది. మా షెడ్డులో కంప్రెసర్ మీది ముల్లు నూట ఇరవై దాటుతుంది. "అవర్ ప్రెషర్ ఈజ్ మోర్ దన్ ఎనఫ్" అన్నాను.

"ప్రెషరు కాదు పాపా. నిమిషానికి గాలి ఎంత వస్తాదని అడుగుతాండా."

డబ్బా మీద ఆ కింద ఇంకో లైను ఉంది. సీఎఫ్ఎం అని, పక్కన ఒక అంకె. అదేమిటో నాకు తెలియదు. మా క్లాసులో తెలియదని ఎవరూ అనరు. అన్నవాళ్ళు నిలబడాలి, అందరూ చూస్తారు. తల దించుకుని ఏదో ఒకటి చెప్పడం మాకు అలవాటు. "అదీ సరిపోతుంది" అన్నాను. ఆయన గేరు పెట్టెను ఇంకొంచెం ముందుకు జరిపాడు. అది పాతకాలంది అత్తా అన్నాను. పెద్ద గన్ను డబ్బా మీద అన్నిటికంటే పెద్ద అంకె ఉంది, దాన్ని పైకి చదివి వినిపించాను.

అత్త గేరు పెట్టె పిడి ఒకసారి తిప్పి చూసింది. దాన్ని కింద పెట్టి, "మా కోడలు చదివింది కదప్పా, ఆ పెద్దదే ఇయ్యి" అంది.

మొదటి నట్టు రెండు సెకన్లలో వచ్చింది. అత్త గట్టిగా నవ్వింది. మామ గోడ పట్టుకుని బయటికి వచ్చి నిలబడ్డాడు. రెండో నట్టు నిదానంగా వచ్చింది. మూడోదానికి గన్ను ఊరికే టకటకమంది. వెనక కంప్రెసర్ రొప్పుతోంది, ముల్లు కిందికి పడిపోయింది. అది మళ్ళీ నిండేదాకా కూర్చోవాలి. అత్త గన్ను ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కొండ మీద గాలిమరల వైపు చూసింది. "ఊరంతా గాలే. మన ట్యాంకులోనే లేదు" అంది. కాసేపటికి మళ్ళీ అంది, "మన చేన్లో బోరు మాదిరే ఉండాది ఇది. ఫస్టు ఎగజిమ్ముతాది, మళ్ళ దుమ్మే."

షెడ్డు వెనక్కి పోయి ఫోన్లో చూశాను. ఆ గన్ను తాగే గాలిలో మా కంప్రెసర్ పావు వంతు కూడా ఇవ్వలేదు. ముల్లు ఎంత పైకి పోయినా లాభం లేదు. తిరిగి వచ్చేసరికి నా ముఖం చూసే ఆమెకు అర్థమైపోయింది.

"నీకు ఆ పొద్దు తెలీదు. అంతే కదా?"

తల ఊపాను.

"తెలీదని చెప్పుంటే అయిపోయేది కదమ్మా. నేను దినానికి పదిసార్లు అంటా ఆ మాట. ఎవురూ నన్ను కొట్టలే." నేను ఏడవబోతుంటే నా భుజం మీద జిడ్డు చెయ్యి వేయబోయి, ఇంకా మార్చుకోని నా మంచి డ్రెస్సు చూసి ఆగిపోయింది. "మీ నాయన అడిగితే నేనే ఎంచినానని చెప్తా. నువ్వూ అదే చెప్పు."

అబద్ధం చెప్పనన్న మనిషి నా కోసం అలా అంది. గేరు పెట్టెకు మార్చుకుందామని నేను ఆ రోజే అడిగి ఉండాల్సింది. అడిగితే ఆ అంగట్లో నా సంగతి బయటపడుతుందని ఊరుకున్నాను. వేరుశనగ కాయ వస్తే పెద్ద కంప్రెసర్ తెద్దాంలే అనేది అత్త. కాయ పట్టే ఊడలు నేలలోకి దిగే సమయానికి వాన రాలేదు. అంతవరకు చిన్న బండ్లకు గన్ను, లారీలకు ఎప్పటిలా పైపు.

అత్త పడిన రోజు వచ్చింది చీనీకాయల లారీ. డ్రైవర్ తర్వాత మాకు చెప్పాడు. రెండు నట్లు గన్నుతో వచ్చాయట. ట్యాంకు ఖాళీ అయింది. ఎండకు కాయ చెడిపోతుందని ఆయన తొందరపడ్డాడు. అత్త పైపు తొడిగి ఎక్కింది. ఎప్పుడూ మొండికేసే నట్టు ఆసారి ఒక్కసారిగా వదిలేసింది. పైపు కాళ్ళ కింద నుంచి జారిపోయి ఆమె వెనక్కి పడింది. అక్కడ విప్పి పెట్టిన ఇనుప రిమ్ము ఉంది.

నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. రెండో రోజు నన్ను తీసుకుపోయారు. తలకు కట్టు, ముఖం ఒకవైపు ఉబ్బి ఉంది. నాయన మంచం పక్కన వంగి, ఎవరు నీకు ఆ గన్ను అంటగట్టింది అని అడిగాడు. అత్త కళ్ళు నా వైపు రాలేదు. రాకుండా జాగ్రత్తపడింది.

"నేనే ఎంచినాలేరా" అంది. ప్రతి మాటకూ ఆగుతోంది. "నాకే బాగుండాదనిపించింది."

నేను నీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆమె మాట నేను వినడం అదే ఆఖరు.

నాయన ఆ మాట నమ్మలేదు. పెద్దదినం అయిన మరుసటి రోజు గన్ను డబ్బా బండికి కట్టి, నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఆ అంగడికి పోయాడు. డబ్బా మీద ఏముందో ఆ అంగడాయన ముందర నేను చదవాలట. అంగట్లో నలుగురు గిరాకీలు ఉన్నారు. నాయన గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు. "ఇంగ్లీషు రాని ఆడమనిషని అంటగట్టినావు. మా అక్క పానం పోయింది నీ గన్నుతో."

పెద్దాయన కళ్ళద్దాలు తీశాడు. నన్ను గుర్తుపట్టాడు. "ఆయక్క పోయిందా?" అని నాయనను కాదు, నన్ను అడిగాడు. నేను డబ్బా మీద అక్షరాలు చూస్తూ ఉండిపోయాను. చాలాసేపు నా మాట కోసం చూశాడనుకుంటా. తర్వాత నాయనతో, "తప్పయిందన్నా. నేను ఇంకోసారి గట్టిగా చెప్పుండాల్సింది" అని డబ్బా లోపల పెట్టుకున్నాడు.

కళ్యాణదుర్గంలో షెడ్డు షెడ్డుకూ తిరిగి, ఆ అంగడికి ఎవరూ పోవద్దని నాయన చెప్పి వచ్చాడు. ఎవరూ పోవడం లేదు. మా అక్కకు జరిగినట్టు ఇంకొకరికి జరగకూడదని ఆయన బాధ. ఆ బాధ చూస్తూ నేను అన్నం తింటున్నాను, స్కూలుకు పోతున్నాను, పరీక్షల్లో తెలియని ప్రశ్నలకు కూడా జవాబులు రాస్తున్నాను. మామ షెడ్డుకు తాళం వేశాడు.

ఇది రాసినందువల్ల అత్త రాదు. నాయన నన్ను మళ్ళీ మునుపటిలా పాపా అని పిలుస్తాడో లేదో తెలియదు. నిజంగానే తెలియదు. వ్యాసం ఏదైనా నాకు ఇంగ్లీషులో రాయడమే అలవాటు, నా తెలుగు అక్షరాలు ఒంకర. అయినా తెలుగులో రాశాను. నాయన చదవగలిగేది ఇదొక్కటే.

ఈ కాగితాలు పొద్దున ఆయన చేతికిచ్చాను, అత్త గురించి అని మాత్రం చెప్పి. పైన పేరు అప్పటికి పెట్టలేదు. ఈ చివరి ముక్క ఇప్పుడు రాస్తున్నాను. ఆయన మెట్టు మీద కూర్చుని, ఒక్కో మాట కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతున్నాడు. మొదటి కాగితంలో ఒకచోట నవ్వాడు. ఒకచోట తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. రెండో కాగితం సగానికి, అంగట్లో నేను డబ్బా చదివిన చోటికి వచ్చేసరికి పెదాలు ఆగిపోయాయి. నేను గడప లోపలే ఉన్నాను. మెట్టు మీది నీడ తరిగిపోయి ఎండ ఆయన మోకాళ్ళ దాకా వచ్చింది. తల ఎత్తలేదు. వేలు ఇంకా ఆ లైను కిందే ఉంది.