పాపకు వచ్చిన మాట

చెప్పుల షాపులో అతను పన్నెండేళ్లుగా ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంటున్నాడు. మడమ వెనక వేలు పెట్టి చూసి, "వేళ్ల దగ్గర బిగుతుగా ఉందాండీ?" అని అడుగుతాడు. పది జతలు తీయించి ఏదీ కొనకుండా పోయేవాళ్లకు కూడా "మళ్లీ రండి" అంటాడు. ఆ మెత్తదనమంతా షట్టర్‌తో పాటే కిందికి దిగిపోతుంది. ఇంట్లో భార్యకు అతను పెట్టిన పేరు ఒక్కటే. "మొద్దూ, టవలేదీ?" "మొద్దూ, తాళాలెక్కడ పెట్టావ్?" కోపమేం కాదు, అలవాటు.

ఆదివారం అత్తగారు వచ్చింది. ఏడాదిన్నర పాపకు పాలు, బంతి, పిల్లి అనడం వచ్చిందని విని మురిసిపోతూ ఒళ్లో కూర్చోబెట్టుకుంది. అతనికి హుషారొచ్చింది. "అమ్మమ్మకు వినిపించు తల్లీ. అమ్మను పిలువు" అన్నాడు.

పాప వంటింటి వైపు తిరిగి, రెండు చేతులూ చాచి, ఎంతో ముద్దుగా పిలిచింది. "మొద్దూ."

అత్తగారు తల వంచుకుని పాప గౌను సర్దసాగింది. "ఎక్కడ నేర్చుకుందో" అనబోయి అతను ఆగిపోయాడు.

"ఆఁ, వస్తున్నా" అంది భార్య లోపలి నుంచి, తడుముకోకుండా.

అతను తల ఎత్తలేకపోయాడు. షాపులోలాగే నేల వైపు చూస్తూ, ఆమె పాదాలు దగ్గరికి రావడం చూశాడు.