పులి తొడ మీద పట్టకారు

రిటైర్మెంటుకు రెండేళ్లు మిగిలి ఉండగా, ఎండాకాలం మొదట్లో, నన్ను ఇచ్చోడ వైపు ఒక అటవీ రేంజికి ఆఫీసరుగా వేశారు. మాది హుస్నాబాద్. బీట్ ఆఫీసరుగా చేరి, సెక్షన్ ఆఫీసరునై, రేంజ్ ఆఫీసరు కుర్చీ దాకా రావడానికి నా సర్వీసంతా పట్టింది. అదే నెలలో పక్క రేంజికి స్రవంతి అనే అమ్మాయి వచ్చింది. మెట్‌పల్లి పిల్ల. పరీక్ష రాసి నేరుగా రేంజ్ ఆఫీసరైంది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఆ కొమ్ములు నాకు మొదటి రోజే గుచ్చుకున్నాయి.

మా అభయారణ్యం రెండు ముక్కలు. ఒకటి నా రేంజిలో, ఒకటి ఆమె రేంజిలో. మధ్యలో ఉన్న పొడవాటి గుట్ట కూడా అడవే గానీ, కాగితం మీద అభయారణ్యం హద్దుకు బయట పడింది. దాని కింద సున్నపురాయి ఉందని, తవ్వుకోవడానికి లీజు కావాలని ఒక కంపెనీ దరఖాస్తు పెట్టింది. గూడేల వాళ్లు, ఆదిలాబాద్ నుంచి వచ్చే కాలేజీ పిల్లలు గని వద్దని ఊరూరా సభలు పెట్టారు. సర్కారు కొలువులో ఉన్నవాళ్లం ఆ సభల్లో నోరు విప్పకూడదు. అడవిలో ఏముందో రుజువుతో పైకి రాయడం వరకే మా పని.

రుజువంటే కెమెరా ట్రాప్. జంతువు కదిలితే తనంతట తానే ఫోటో తీసే కెమెరా. దారికి అటొకటి, ఇటొకటి ఎదురెదురుగా చెట్లకు కడతాం. ఏ రెండు పులుల చారలూ కలవవు. ఒకే పులికి కూడా ఎడమ పక్క చారలు వేరు, కుడి పక్క చారలు వేరు. అందుకే ఎడమ పక్క ఫోటోను కుడి పక్క ఫోటోతో పోల్చి ఏమీ తేల్చలేం.

పులి మొదట పడింది నా కెమెరాలోనే. ఎడమ పక్క, మసక వెలుతురులో. ఎదుటి కెమెరాలో కుడి తొడ, తోక మాత్రమే వచ్చాయి. అది పనికిరాని ఫ్రేమని పక్కన పెట్టాను. వారం తిరక్కముందే స్రవంతి రేంజిలో పులి పడింది. కుడి పక్క నిండుగా, వాగు ఒడ్డున, పొద్దుటెండలో, తల కొంచెం తిప్పి. ఆమె రెండో కెమెరా పని చేయక ఎడమ పక్క రానేలేదు. ఆ సంగతి ఎవరడిగారు? పేపరువాళ్లు ఆమె ఫోటోను సగం పేజీ వేసి, నాదాన్ని మూలన పాస్‌పోర్టు ఫోటో అంత వేశారు. మీటింగులో మా జిల్లా అటవీ అధికారి, కెమెరా కట్టే చోటు ఎలా ఎంచాలో ఆమెతో మా అందరికీ చెప్పించారు. నేనూ చప్పట్లు కొట్టాను. కడుపు మాత్రం భగభగ మండింది.

ఆ పేపరు ఇంటికి తెచ్చుకున్నాను, తప్పులు వెతకడానికే. రోజూ పొద్దున్నే చాయ్ ముందు పెట్టుకుని చూసేవాణ్ని. పులి కుడి తొడ మీద రెండు చారలు పైన కలిసి, కింద నోరు తెరిచిన పట్టకారులా ఉన్నాయి. అది అచ్చు మరకేనని, ఫోటో అంత గొప్పదేమీ కాదని నా భార్యకు చూపించాను.

"గా పోరి మీద నీకు గింత కండ్లమంట దేనికి? పులేమన్న నీ మేనల్లుడా?" అంది ఆమె. "జర చాయ్ తాగు, సల్లారిపోతున్నది."

ఇంతలో ఉద్యమం వాళ్లు 'మా అడవికి రెండు పులులు' అని బ్యానర్లు కట్టారు. నాకూ అదే బాగుంది. రెండైతే ఒకటి నాది. కానీ కంపెనీ తరఫు నిపుణులు ఆ మాటనే పట్టుకున్నారు. ఒక పులి ఈ ముక్కలో, ఇంకొకటి ఆ ముక్కలో వేరువేరుగా బతుకుతున్నాయి, మధ్యలో గుట్టతో వాటికి పనిలేదు, కాబట్టి తవ్వుకోవచ్చు అని రాశారు. లీజు సంగతి తేల్చే కమిటీ, దీని మీద నన్నూ స్రవంతినీ కలిసి ఒకే రిపోర్టు ఇమ్మంది.

నా వంతు ఫోటోలు సర్దుతుంటే ఆ పనికిరాని ఫ్రేము మళ్లీ కళ్లబడింది. కుడి తొడ. దాని మీద పట్టకారు. పోల్చి చూసే సాఫ్ట్‌వేరుకు అంత చిన్న ముక్క చాలదు, నాకు చాలింది. రెండూ ఒకే పులి. అంటే అది గుట్ట మీదుగానే అటూ ఇటూ తిరుగుతోంది. గుట్ట తవ్వితే దాని తొవ్వ తెగుతుంది.

ఒక్కటే పులి అని తేలితే, స్పష్టమైన ఫోటో ఉన్న రేంజి పేరు మీదే దానికి నంబరు పడుతుంది. మా దగ్గర నడిచిన పద్ధతి అది. అంటే పులి స్రవంతిదవుతుంది. సర్వీసు మొత్తానికి నాకు దక్కిన ఒకే ఒక్క పులి పోతుంది. ఆ ఫ్రేము సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. చాయ్ పూర్తిగా చల్లారేదాకా కూర్చుని, ఆమెకు ఫోన్ చేశాను.

"నీ పులి కుడి తొడ మీద పట్టకారు లెక్క చార ఉన్నదా?" అని అడిగాను.

ఆమె అసలు ఫోటో తీసి చూసింది. "ఉన్నది సార్! మీకెట్ల ఎరుక? గంత సన్నగ నేను సుత చూడలే."

"పేపర్ల చూసిన."

"పేపర్లనా? గింత చిన్న చార కనవడాల్నంటె ఎన్నిసార్లు చూసిండ్రు సార్?"

నేను పక్కన పెట్టిన కుడి తొడ ఫ్రేము సంగతి చెప్పాను. అది విని ఆమె, "గట్లయితే మీ పులి పోతది కద సార్" అంది. పోతే పోనీ, రిపోర్టు రాయమన్నాను.

రిపోర్టు రెండు సంతకాలతో వెళ్లింది. కమిటీ గుట్టను పులి తొవ్వగా ఒప్పుకుని లీజు వద్దని రాసింది. "రెండని బ్యానర్లు కొట్టిస్తిమి సార్, ఒక్కటే చేసిండ్రు" అని కాలేజీ పిల్లలు మొదట నా మీద సణిగారు, తర్వాత కొత్త బ్యానర్లు రాయించుకున్నారు. పులికి స్రవంతి రేంజి నంబరు పడింది. నేను రిటైరయ్యేనాటికి మా రేంజి లెక్కలో పులి లేదు.

నేను నేర్చుకున్నది ఒకటే. ఓర్వలేనితనం మంచి గుణమని చెప్పను, అది నన్ను వదిలిపోయిందనీ చెప్పను. కానీ మెచ్చుకున్నవాళ్లు ఆ ఫోటోను ఒకసారి చూసి పేపరు మడిచారు, నేను రోజూ చూశాను. కడుపుమంట ఉండగానే కళ్లకు కనిపించినదాన్ని ఉన్నదున్నట్టు రాయవచ్చు. ఉద్యోగానికి అంతే కావాలి.

స్రవంతికి ఈమధ్య ప్రమోషన్ వచ్చింది. ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పాను. ఆ ఫోటో బాగుందని మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.