అయ్యగారి భోజనం మర్నాడు

నిన్న మధ్యాహ్నం మా అమ్మాయి వంటింట్లో చేస్తున్న ఘనకార్యానికి హాల్లో కూర్చున్న నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫ్రిజ్‌లో మిగిలిపోయిన కోడి మెడలు, రెక్కల కొసలు, వీపు ఎముకలు, అంటే ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టని ముక్కలన్నీ, ఉడకబెట్టి, ఎముకల మీది కండని వేళ్ళతో చీల్చి, మొక్కజొన్న రొట్టెల్లో మడిచి టాకోలు చేస్తోంది. పక్క స్టవ్ మీద టమాటాలు, ఎండుమిరపకాయలు నల్లగా కమురుతున్నాయి. వాటిని నూరితే సల్సా అట. ఫ్యాన్ ఎంత తిరిగినా మా గుంటూరు కాయ ఘాటు బయటికి పోదు కదా, ఇల్లంతా నిండింది. "ఇది మెక్సికో వాళ్ళ వంటమ్మా, నీకు నచ్చుతుందో లేదో" అంది అమ్మాయి. నాకు నవ్వొచ్చింది. ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్ళో మా అమ్మ ఈ వంటని నా చిన్నతనమంతా చేసింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

మా పేటలో ఒక పద్ధతి ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారికి, మేమంతా ఆయన్ని అయ్యగారు అనేవాళ్ళం, వంతులవారీగా ఒక్కో ఇంట్లో భోజనం. అన్నీ కూలికి పోయే ఇళ్ళే, అయినా వంతు వచ్చిందంటే పెరట్లో పెంచుకున్న కోడిని కొయ్యాల్సిందే. తొడ ముక్కలు, రొమ్ము ముక్కలు అయ్యగారి పళ్ళెంలోకి, ఆయన వెంట వచ్చిన సంఘ పెద్దల పళ్ళేల్లోకి పోగా, అమ్మకీ నాన్నకీ నాకూ మిగిలేవి మెడ, వీపు, కందనకాయ, నిప్పుల మీద కాల్చి తోలు ఒలిచిన కాళ్ళు. వాటినైనా ఆ పూట తిననిచ్చేది కాదు అమ్మ. "రేపు చేసి పెడతాలేవే, ఇప్పటికి పులుసు పోసుకోని తిను" అని గిన్నె ఉట్టి మీద పెట్టేసేది.

సాయంత్రం ఆ గిన్నెని మళ్ళీ ఒకసారి కాచి, తెల్లారి పొలానికి పోకముందే దింపి, ఎముకలకి అంటుకున్న పీచంత కండని కూడా వదలకుండా తీసి, ఉల్లిపాయ బాగా వేసి ఇగరబెట్టేది. టమాటాల్ని బూడిదలో కాల్చి, ఎండుమిరపకాయలు వేయించి, వెల్లుల్లి వేసి రోట్లో నూరేది. వేడి జొన్నరొట్టెలో ఆ కూర పెట్టి, పైన ఆ పచ్చడి వేసి, మడిచి చేతికిస్తే, నూనే కారమూ మోచేతి దాకా కారుతుంటే, ముక్కు ఎగబీలుస్తూ తినేవాళ్ళం. అయ్యగారు తిన్నది ఆదివారం విందే కావచ్చు గాని అసలు విందు మాది, సోమవారానిది. రొట్టె తట్టేంతసేపూ అమ్మ పాడుతుండేది. ఆమె చేతుల చప్పుడే ఆ పాటకి తాళం.

మందిరంలో పాట ఎత్తేది మా అమ్మే. అప్పట్లో మైకు లేదు. ఆమె ఎత్తితే కాలవ అవతల చేలో ఉన్నవాళ్ళకి కూడా వినపడేదని చెప్పుకునేవాళ్ళు. చదువు లేదు, నగ లేదు, సెంటు భూమి లేదు. అమ్మకి నలుగురిలో తలెత్తుకుని నిలబడటానికి ఉన్నదల్లా ఆ గొంతే.

శీతాకాలం పత్తి తీతలు, తర్వాత మిరపకోతలు అయ్యేసరికి ఎండలు ముదిరేవి. అప్పుడు మొదలయ్యేది తొడాలు తీసే పని. రేకుల షెడ్లలో ఎర్రటి కాయల గుట్టల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని, ఒక్కో కాయకీ తొడిమ తుంచి పడేస్తుంటే, ఆ దుమ్ము మనిషికి మనిషి కనపడనంతగా లేచేది. పైట తడిపి ముక్కుకి కట్టుకునేవాళ్ళు. పొద్దుగూకాక షెడ్డు మేస్త్రి తలా ఒక బెల్లం ముక్క ఇచ్చేవాడు. బెల్లం తింటే గొంతులో పేరుకున్న దుమ్మంతా కడుపులోకి దిగిపోతుందని వాళ్ళ నమ్మకం. అమ్మ ఆ ముక్కని మందులాగా, ఒక్క రోజూ మానకుండా తినేది. నేను చెయ్యి చాపినా చిటికెడు కూడా పెట్టేది కాదు.

అమ్మకి పట్టిన దగ్గు మొదట వేసవితో పోయేది, తర్వాత్తర్వాత వానాకాలంలోనూ పోలేదు. నాన్న గుంటూరు తీసుకెళ్ళి చూపించాడు, వెంట నేనూ వెళ్ళాను. "ఆ దుమ్ములో కూర్చోవద్దమ్మా, గొంతు పోతుంది" అన్నాడు డాక్టరు. "బెల్లం తింటానే ఉన్నాను గదండీ" అంది అమ్మ. ఆయన తలెత్తి చూసి, మళ్ళీ రాసుకోవడంలో పడ్డాడు. బస్సులో నాన్న ఈ యేటికి పని మానుకోమన్నాడు. "పాడితే కూలిస్తారా ఎవరన్నా?" అని కిటికీ వైపు తిరిగింది అమ్మ. ఆ వేసవిలోనూ షెడ్డుకి పోయింది.

ఆ ఏడు మా వంతు వచ్చిన ఆదివారం, ఎప్పటిలాగే ముందు వరసలో లేచి నిలబడి పాట ఎత్తింది. మొదటి చరణం సగంలో గొంతు జీరపోయింది. దగ్గు తెర తగ్గాక మళ్ళీ ఎత్తింది. ఈసారి నోరు తెరిచింది గాని గాలి తప్ప ఏమీ రాలేదు. చివరికి వెనక వరసలోంచి, కొత్తగా కాపురానికొచ్చిన ఒక పిల్ల ఆ పాట అందుకుంది. అందరూ ఆమె వెంట పాడారు. అమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

మా ఇంట్లో భోంచేస్తూ అయ్యగారు మెల్లిగా అన్నారు, "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమ్మా. పాట సంగతి ఆ అమ్మాయి చూసుకుంటుంది." ఆయన మంచికే అన్నారు. "అట్టాగేనండీ అయ్యగారూ" అని అమ్మ ఆయన పళ్ళెంలో ఇంకో తొడ ముక్క వేసింది.

మర్నాడు ఎప్పటిలాగే పొయ్యి వెలిగించింది. మిరపకాయలు వేగుతుంటే మొహం పక్కకి తిప్పుకుని దగ్గుతూనే ఉంది. "ఈ పూటకి కారం లేకుండా చెయ్యరాదా" అన్నాడు నాన్న. ఆమె వేగిన మిరపకాయల్ని రోట్లో వేసి నూరింది. పాట లేకుండా రొట్టె తడుతుంటే ఆ చప్పుడు వినలేక నేను వాకిట్లోకి వెళ్ళిపోయాను. అయినా ఆ రోజు రొట్టె ఎప్పటికంటే రుచిగా ఉంది. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఆ తర్వాత అమ్మ మందిరంలో పెదవులు మాత్రం కదిపేది. నాకు టీచరు ఉద్యోగం వచ్చిన ఏడే పోయింది. ఇప్పుడా మందిరానికి కీబోర్డు, పెద్ద స్పీకర్లు వచ్చాయి. భోజనాల వంతులు ఎప్పుడో ఆగిపోయాయి, అయ్యగారికి హోటల్ నుంచి బిర్యానీ తెప్పిస్తున్నారు.

తింటూ ఇదంతా చెబితే అమ్మాయి చేతిలోది పళ్ళెంలో పెట్టేసింది. "అమ్మమ్మ గొంతు ఎలా ఉండేదమ్మా?" అంది. చెప్పబోయి ఆగిపోయాను. పాట మాటలు వస్తున్నాయి, వరసా వస్తోంది, అమ్మ నోరు తెరవడం కూడా కనిపిస్తోంది. ఎంత చెవి పెట్టి విన్నా ఆ నోట్లోంచి నాకు వినిపించేది దగ్గు ఒక్కటే.

"చాలా బావుండేదని ఊళ్ళో అందరూ చెప్పేవాళ్ళు" అన్నాను.