తెల్లగా తేలిన కామస్ దుంపలు

పెలజీకి డెబ్బై ఎనిమిదేళ్ళు నిండాయి గానీ ఆమె ఈర్ష్యకు మాత్రం ఇంకా పదహారు దాటలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకొని కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఎనిమిది కాగానే మనవరాలు మరీసా కారు మలుపు తిరుగుతుంది. అమ్మమ్మ ఇంటి ముందు ఆగకుండా వంతెన దాటి, ఏటి అవతల ఆగత్ ఇంటికి పోతుంది. వారానికి అయిదు రోజులూ ఇదే వరస. ఆ కారు లేపిన దుమ్ము అణిగేదాకా పెలజీ కాఫీ ముట్టదు. ముట్టేసరికి అది చల్లారి చేదెక్కి ఉంటుంది. దానికీ ఆగత్‌నే తిట్టుకుంటుంది.

ఆగత్ పరాయిది కాదు, పెలజీకి పినతండ్రి కూతురు. రెండేళ్ళు చిన్నది. ఇద్దరూ ఒకే నాయనమ్మ ఒడిలో పెరిగారు, ఆ ముసలమ్మ దగ్గర ఒకే దుప్పటి కింద తమ అమెరికా ఆదివాసీ తెగ భాష సేలిష్‌లో కథలు విన్నారు. పెలజీకి ఏడేళ్ళప్పుడు తెల్లవాళ్ళు ఆమెను ఇంగ్లీషే మాట్లాడాలనే సన్యాసినుల హాస్టలు బడికి పట్టుకుపోయారు. ఆగత్‌కు ఊపిరితిత్తుల జబ్బు ఉందని ఇంట్లోనే వదిలేశారు. మొదటి వారంలోనే, ఆకలేస్తోందని తన భాషలో అన్నందుకు పెలజీ నోట్లో సబ్బుముక్క పెట్టారు. పద్నాలుగేళ్ళకు ఇంటికొచ్చేసరికి ఆమెకు మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు పట్టుకుంది. అది ఇప్పటికీ పోలేదు.

తరవాత ఎనియాస్‌ను పెళ్ళాడింది, ముగ్గురు పిల్లల్ని కంది, ఇరవై ఎనిమిదేళ్ళు బడి వంటింట్లో రొట్టెలు కాల్చింది. పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడింది. వాళ్ళ నోళ్ళలో సబ్బు పడకూడదనే ఆమె పంతం. సేలిష్‌లో మాట్లాడిందంటే ఎనియాస్ ముసలి గుర్రంతోనే. ఆ గుర్రం ఎవరికీ చెప్పేది కాదు.

ఇప్పుడు కాలం తిరగబడింది. ఈ లోయలో ఆ భాషతోనే పెరిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. పసిపిల్లలకు సేలిష్ నేర్పే బడి ఒకటి వెలిసింది. అందులో ఆగత్‌కు మెత్తటి కుర్చీ వేశారు. పిల్లలంతా ఆమె చుట్టూ చేరి "యాయా, యాయా" అంటారు. యాయా అంటే తల్లిని కన్నతల్లి. పిల్లలు అంటే పోనీలే అనుకోవచ్చు. ఆ బడిలోనే పంతులమ్మగా ఉండి, రోజూ ఆగత్‌ను కారులో తీసుకెళ్ళే మరీసా కూడా ఆమెను యాయా అంటుంది. సొంత అమ్మమ్మను మాత్రం ఇంగ్లీషులో "గ్రాండ్‌మా" అంటుంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటే ఇదే కాబోలు.

ఇందులో పెలజీ తప్పు లేదని చెప్పడానికి వీల్లేదు. మరీసా పన్నెండేళ్ళప్పుడు నోటు పుస్తకం పట్టుకొచ్చి, ఎవరి దగ్గరో నేర్చుకున్న ఒక సేలిష్ వాక్యం అప్పజెప్పింది. పెలజీ కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. వాళ్ళింట్లో ఒకరినొకరు ఏడిపించుకోవడం మామూలే. కానీ ఆ పిల్ల పుస్తకం మూసేసింది, మళ్ళీ ఆమె ముందు తెరవలేదు.

ఆ జూన్‌లో మరీసా కారు మొదటిసారి పెలజీ గుమ్మం ముందు ఆగింది.

"గ్రాండ్‌మా, బడి తరఫున కామస్ గొయ్యి పెడుతున్నాం. దుంపలు తవ్వాం గానీ కాల్చడం ఎవరికీ రాదు. నీకే వచ్చంట గదా?"

ముసలమ్మ గొయ్యి పని నేర్పింది పెలజీకి ఒక్కదానికే. ఆగత్ ఊపిరి పొగకు ఆగేది కాదు. పెలజీ ఆనందం బయటపడకుండా గొంతు సవరించుకుంది.

"వచ్చు. ఎవరు చెప్పారు?"

"ఆగత్ యాయా చెప్పింది."

వచ్చిన ఆనందం వచ్చిన దారినే పోయింది.

ఏటి ఒడ్డున గొయ్యి తవ్వారు. పెలజీ తమ్ముడు ఆక్టేవ్ రాళ్ళూ కట్టెలూ ట్రక్కులో తెచ్చి దింపాడు. మగవాళ్ళు గొయ్యి దగ్గరికి రాకూడదు గనక, ట్రక్కులోనే కూర్చుని సలహాలు పారేశాడు. పెలజీ రాళ్ళను ఎర్రగా కాల్పించింది. వాటి మీద తడి మట్టి, చిత్తడి నేల నుంచి తెచ్చిన వెడల్పాటి ఆకులు, చెట్లకు వేలాడే నల్ల నాచు, ఆపైన దుంపలు పరిపించింది. ఎక్కడ ఎంత మందం వెయ్యాలో ఆమె చేతులకు తెలుసు. మరీసా ఆ చేతులకేసే చూస్తోంది. పెలజీకి లోపల చల్లగా ఉంది.

మట్టి కప్పేముందు ఒక పద్ధతి ఉంది. గొయ్యి చుట్టూ ఉన్న ఆడవాళ్ళను ఒక ప్రశ్న అడగాలి. ఎవరికైనా ఎవరి మీదైనా కుళ్ళు ఉంటే అప్పుడే చెప్పెయ్యాలి, చేతులు కడుక్కోవాలి. కడుపులో కుళ్ళు దాచుకుని మట్టి వేస్తే దుంప ఉడకదు. ఆ ప్రశ్న అడగాల్సింది గొయ్యి పెట్టిన మనిషి. పెలజీ నోరు తెరవబోయింది, చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వచ్చింది. ఆ క్షణం ఆలస్యానికే మరీసా వెనక్కి తిరిగింది.

"ఆగత్ యాయా, నువ్వు అడగవా?"

ఆగత్ అడిగింది. ముసలమ్మ అడిగినట్టే, స్పష్టమైన సేలిష్‌లో. ఆడవాళ్ళందరూ వరసగా లేదన్నారు. పెలజీ వంతు వచ్చింది. ఆమె కడుపులో మంట గోతిలో రాళ్ళకంటే ఎర్రగా ఉంది.

"లేదు," అంది.

మూడో రోజు మధ్యాహ్నం గొయ్యి తెరిచారు. ఉడికిన కామస్ నల్లబడి, మెత్తబడి, తేనెపాకంలా తియ్యగా ఉండాలి. పెలజీ ఒక దుంప తీసి చితిమింది, చితకలేదు. కింద దాకా తవ్వి చూసినా అన్నీ తెల్లగా, పచ్చిగా, రాళ్ళలా ఉన్నాయి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పెలజీ తన మట్టిచేతులను గౌనుకు తుడుచుకుంది.

"ఏమయ్యిందక్కా? ఉడికిందా, మాడిందా?" ట్రక్కులోంచి ఆక్టేవ్ కేకేశాడు.

"నోరుముయ్యరా!"

అప్పుడు ఆగత్ దుంగ మీద నుంచి లేచింది. సేలిష్‌లోనే మొదలుపెట్టింది.

"గోతి తప్పు కాదు. అందర్నీ అడిగాను గానీ నా సంగతి నేను చెప్పలేదు. ఈ పెలజీని చూస్తే నాకు ఏడుపు. దానికి బిడ్డలున్నారు, సొంత మనవరాలుంది. నన్ను ఊరి పిల్లలంతా యాయా అంటారు గానీ, సాయంత్రమైతే అందరూ వాళ్ళ వాళ్ళ ఇళ్ళకి పోతారు. నాకు గోడలే మిగుల్తాయి. ఆ కుళ్ళు దాచుకునే మట్టేశాను."

మరీసా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, అచ్చం అమ్మమ్మలాగే.

ఇలాంటప్పుడు మంచి మనిషైతే జాలిపడాలి. పెలజీకి జాలి తరవాత వచ్చింది. ముందు వచ్చింది ఒళ్ళు మండిపోయే కోపం. కుర్చీ తీసుకుంది, పిల్లల్ని తీసుకుంది, మనవరాలిని తీసుకుంది. ఇప్పుడు నా తప్పు కూడా తనే తీసేసుకుంటుందా? డెబ్బై ఏళ్ళుగా నోటికి అడ్డం ఉన్న చెయ్యి ఎప్పుడు కిందికి దిగిందో ఆమెకే తెలియదు.

"కూర్చోవే ఆగత్!" సేలిష్‌లో ఉరిమింది. "ఇన్ని దుంపలు చెడగొట్టడానికి నీ పాటి ఏడుపు చాలదు! ఇది నాది. రోజూ పొద్దున్నే ఈ పిల్ల నా గుమ్మం దాటి నీ గుమ్మానికి పోతుంటే కిటికీలోంచి చూసేది నేను. నా నోట్లో సబ్బు పడింది, నీ నోట్లో కథలు పడ్డాయి. ఏడేళ్ళప్పుడే నీ జబ్బు నాకొస్తే బాగుండేదనుకున్నాను. అప్పట్నుంచీ నా కడుపులో ఉన్నది ఇదీ!"

చివర్న ఆ కుళ్ళుకు ముసలమ్మ వాడే పాత మాటొకటి వాడింది.

ఆగత్ లేచిన దుంగ మీద పెలజీయే కూలబడింది. మరీసా కళ్ళు పెద్దవయ్యాయి. అమ్మమ్మ నోట అంత పొడుగు సేలిష్ ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

"ఓసినీ," అంది ఆగత్ మెల్లగా. "ఆ మాట విని అరవై ఏళ్ళయిందే. నేను మర్చేపోయాను."

"నువ్వు మర్చిపోయేవి కూడా ఉన్నాయా?"

"ఉంటాయి మరి. నేనేమన్నా మీ ఆయన గుర్రాన్నా, నువ్వు చెప్పినవన్నీ గుర్తుపెట్టుకోవడానికి?"

మరీసా సంచిలోంచి నోటు పుస్తకం తీసి, భయంభయంగా పెలజీ ముందు కూర్చుంది.

"ఆ చివరి మాట మా పుస్తకాల్లో లేదు. మళ్ళీ చెప్పవా, యాయా?"

పెలజీ ఆ పిలుపు విననట్టే నటించింది.

"కాగితంకేసి కాదు, నా నోటికేసి చూడు," అంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

చెప్పింది. మరీసా పలికింది. ఎంత ఘోరంగా పలికిందంటే, పాత నవ్వు పెలజీ గొంతు దాకా ఎగదన్నుకొచ్చింది. పెదవి కొరుక్కుని దాన్ని మింగేసింది.

"మళ్ళీ అను."

ఆక్టేవ్ రెండో విడత కట్టెలు దింపుతున్నాడు. గొయ్యి మళ్ళీ వెయ్యాలి, ప్రశ్న మళ్ళీ అడగాలి. ఏడోసారికి మాట కుదిరింది. "కుదిరింది," అంది పెలజీ. అని ఊరుకోలేక, ఆగత్ చూసిందో లేదోనని ఓరకంట చూసింది.

చూసింది. ఆ పాత మాటకు అర్థం ఏమిటో ఆగత్ ముఖం మీదే రాసి ఉంది.

"నాకు మళ్ళీ మొదలైందే పెలజీ," అంది ఆగత్.

"అయితే చేతులు కడుక్కునిరా," అని, పెలజీ దుంగ మీద పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చింది.