గీత లోపలే బూట్లు

నేను పదవీ విరమణ చేయడానికి ఏడాది ముందు, కార్తీకమాసం మొదలైన వారంలో, సెకండ్ హాఫ్ లీగ్ అనే ప్రైవేటు ఫుట్‌బాల్ పోటీలకు నన్ను రిఫరీగా వేశారు. అప్పటికి నేను నరసరావుపేటలో ఒక డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌ని. పిల్లలు పీడీ సార్ అనేవారు. దానితోపాటు రాష్ట్ర రిఫరీల ప్యానెల్‌లో కూడా నా పేరుండేది. ప్యానెల్‌లో ఉన్నవాడు పిలిస్తే వెళ్లాలి. వెళ్లాను.

ఈ లీగు సంగతి కొంచెం చెప్పాలి. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు ఆడి, తర్వాత ఎవరూ పిలవక, పురుగుమందుల షాపుల్లోనూ సెల్‌ఫోన్ కొట్లలోనూ మామగారి ట్రాక్టర్ మీదా కుదురుకున్న కుర్రాళ్లకు ఇంకో అవకాశం ఇవ్వాలని విజయవాడలో ఎవరో తలపెట్టారు. చేరడానికి రెండు అర్హతలు. యూనివర్సిటీకి ఆడి ఉండాలి, పెద్ద క్లబ్బులేవీ తీసుకుని ఉండకూడదు. ఈ రెండో అర్హత ఉన్నవాళ్లకు మా పల్నాడులో కొదవ లేదు. ఫైనల్ చూడటానికి బెంగళూరు నుంచి ఒక పెద్ద క్లబ్బు సెలెక్టర్ వస్తాడని, నచ్చినవాణ్ణి ట్రయల్స్‌కి పిలుస్తాడని ముందే చెప్పారు. కుర్రాళ్లంతా పొట్టలు లోపలికి లాక్కుని పరుగులు మొదలుపెట్టింది అందుకే.

కబడ్డీ, ఎడ్ల బండలాగుడు చూసే మనుషులకు ఫుట్‌బాల్ పెడితే ఎవరొస్తారని నా అనుమానం. బాగానే వచ్చారు. మైకు ముందు కూర్చున్నది మాత్రం బండలాగుడు పోటీల్లో అరిచే ఆయనే. బంతి ఎవరి దగ్గరున్నా "లాగు, లాగు, ఇంకొంచెం లాగు!" అని హుషారు చేసేవాడు. ఫుట్‌బాల్‌లో లాగితే ఫౌల్ అని ఆయనకు చివరిదాకా ఎక్కలేదు.

ఆట మొదలయ్యే ముందు రిఫరీ ప్రతి ఆటగాణ్ణీ తనిఖీ చేయాలి. బూట్లు, మేజోళ్లు, మోకాలి కింద షిన్‌గార్డులు చూడాలి. ఉంగరాలు, గొలుసులు ఉంటే తీయించాలి. మొదటి మ్యాచ్ రోజు నరసరావుపేట జట్టు వరసగా నిలబడింది. చూసుకుంటూ వస్తూ ఒకడి దగ్గర ఆగిపోయాను. నల్ల బనీను, నుదుట చందనం, గడ్డం, మెడలో అయ్యప్ప మాల, కాళ్లకు ఏమీ లేవు.

మనిషి తెలిసినవాడే. పేరు కోటేశ్వరరావు, నూజెండ్ల వైపు వాడు. యూనివర్సిటీ జట్టులో ఫార్వర్డ్‌గా ఆడే రోజుల్లో వాడి మ్యాచులకు నేనే విజిల్ ఊదాను. తర్వాత వినుకొండలో పురుగుమందుల షాపులో చేరాడు. ఈ ఒక్క సీజన్ ఆడనిస్తానని, ఏమీ తేలకపోతే బంతి అటకెక్కాల్సిందేనని భార్య చెప్పిందట. బట్టలు కుట్టి ఇల్లు నడుపుతున్నది ఆమే కాబట్టి కాదనే వీలు లేదు.

"ఏందిరా కోటీ ఇది?" అన్నాను.

"లీగులో తీసుకుంటే ఈ ఏడే మాల ఏస్తానని మొక్కుకున్నా స్వామీ. తీసుకున్నారు," అన్నాడు.

దీక్షలో ఉన్నవాళ్లు అందరినీ స్వామీ అనే పిలుస్తారు. నా పేరు ప్రభుదాసు. మా నాన్న చర్చిలో పాటలు పాడించేవాడు. అంతకుముందు నన్ను స్వామీ అని పిలిచినవాళ్లు లేరు. అయినా ఎందుకో పలికాను. తర్వాత మా ఆవిడ రాణితో ఈ మాట చెబితే, "ఇన్నేళ్లు ఏవండీ అని అరిస్తే పలకలేదు, ఎవరో స్వామీ అంటే పలికారా?" అని వారం రోజులు దెప్పింది.

చిక్కు అర్థమై ఉంటుంది. ఆడే అవకాశం వస్తే మాల వేస్తానని మొక్కు. మాల వేస్తే చెప్పులు తొడగకూడదు. బూట్లు లేనివాణ్ణి మైదానంలోకి రానివ్వకూడదని నా నిబంధన. అవకాశం ఇప్పించిన మొక్కే అవకాశం పోగొట్టేట్టుంది. జట్టు యజమాని రాఘవయ్యగారు, మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆయన, తల పట్టుకున్నాడు. "ఫైనల్ అయినాక ఏసుకోకూడదా స్వామీ?" అని బతిమాలాడు.

"మొక్కును వాయిదా ఏయడానికి ఇదేమన్నా కోర్టు కేసా స్వామీ?" అన్నాడు కోటి.

లీగు పెద్దలకు ఫోన్ చేశాను. మాల మీద మెడదాకా బిగుతు బనీను తొడుక్కుంటే అభ్యంతరం లేదన్నారు. అంతర్జాతీయ నిబంధన ఇందుకు ఒప్పుకోదు, కాని ప్రైవేటు లీగు, వాళ్ల ఇష్టం. బూట్లు లేకుండా ఆడటానికి మాత్రం ఇన్సూరెన్సు వాళ్లు ఒప్పుకోరన్నారు. ఇక నల్ల బనీను. రిఫరీ చొక్కా కూడా నలుపే. అతని ఎర్ర జెర్సీలోంచి బనీను నల్ల చేతులు కనబడగానే సొంత జట్టువాళ్లు ప్రాక్టీసులోనే రెండుసార్లు బంతి నాకు అందించారు. నేను పసుపు చొక్కాకు మారాను. ఆ చొక్కాలో అరటిపండులా ఉన్నానని రాణి అంది.

బూట్ల సంగతి గురుస్వామి తేల్చాలన్నాడు కోటి. దీక్ష ఇచ్చిన పెద్దను గురుస్వామి అంటారు. ఆయన కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్. ఫోన్‌లో అంతా విని, నాకు బాగా గుర్తుండిపోయేలా తీర్పు చెప్పాడు.

"స్వామీ, నేను గంబూట్లు లేకుండా స్తంభం ఎక్కితే కొండకు పోయే పనుండదు, అయ్యప్పే వచ్చి తీసుకుపోతాడు. అందుకని స్తంభం కాడ ఏసుకుంటా, దిగంగానే ఇప్పేసి శరణం చెప్పుకుంటా. డ్యూటీ వరకే బూట్లు. తోలువి కాకుండా చూసుకోమనండి. ఇంతకీ ఆయన స్తంభం ఎక్కడ మొదలైద్దో మీరే చెప్పాల స్వామీ."

ఇది రిఫరీ నిర్ణయించాల్సిన విషయమే. ఫుట్‌బాల్‌లో తెల్లగీత మైదానంలో భాగం. గీత మీద కాలుంటే లోపల ఉన్నట్టే, దాటితే బయట. కోటికి అదే చెప్పాను. అతను గీత బయట నేల మీద కూర్చుని, బూట్లు గీత లోపల పెట్టి, ఒక్కో కాలూ లోపలికి చాపి లేసులు కట్టుకుని, శరణం చెప్పుకుని లేచాడు. జనం చప్పట్లు కొట్టారు. మైకాయన "స్వామి కాడి కట్టాడు!" అని అరిచాడు.

మొదటి మ్యాచులోనే ప్రమాదం జరిగింది. గురజాల డిఫెండర్ ఒకడు భుజంతో నెడితే కోటి బూట్లతో సహా గీత దాటి బయట పడ్డాడు. పడ్డవాడు లేచి రాకుండా, "అపచారం స్వామీ, అపచారం" అంటూ అక్కడే కూర్చుని లేసులు విప్పాడు. బూట్లు లోపలికి విసిరి, మళ్లీ కాళ్లు చాపి తొడుక్కున్నాడు. బయట సామగ్రి సర్దుకున్నవాణ్ణి నేను తనిఖీ చేస్తేగాని లోపలికి రానివ్వకూడదు. నేను అటు వెళ్లేలోపు గురజాల వాళ్లు ఇటు గోల్ కొట్టేశారు. రాఘవయ్యగారు కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నాడు. దీక్షలో ఉన్నవాణ్ణి తిట్టలేక ఆ కుర్చీనే ఒక తన్ను తన్నాడు.

ఆ రోజు నుంచి కోటి గీత దగ్గర ఆగడం నేర్చుకున్నాడు. ఎంత జోరుగా వచ్చినా గీత ముందు కాళ్లు బిగించి నిలబడిపోయేవాడు. బయటికి పోబోయే బంతిని మడమతో లోపలికి లాక్కునేవాడు. వెంటపడి వస్తున్న డిఫెండర్లు ఆగలేక తిన్నగా వెళ్లి బఠాణీలమ్మే బండి దగ్గర తేలేవారు. రోజూ తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి, పూజయ్యాక, ఇంటి ముందు సున్నంతో గీత గీసి దాని మీదికి ఉరికేవాడట. ఊళ్లోవాళ్లు అదీ దీక్షలో భాగమే అనుకున్నారు.

ఎదుటివాళ్ల తిప్పలు వేరు. మాలలో ఉన్న మనిషిని కాలడ్డుపెట్టి పడేయడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. పడేసినా చెయ్యిచ్చి లేపి, దణ్ణం పెట్టి, అప్పుడు ఫౌల్ ఒప్పుకునేవాళ్లు. ఎల్లో కార్డు చూపించేటప్పుడు నాకే మొహమాటంగా ఉండేది. ఒకసారి కోటికే చూపించాల్సి వచ్చింది. రెండు చేతులతో కార్డు పట్టుకుని చూపించానని మా అసిస్టెంట్ రిఫరీ ఇప్పటికీ నవ్వుతాడు.

దీంతో ఇంకో అలవాటు మొదలైంది. బంతి చివర ఎవరికి తగిలి బయటికి పోయిందని తగవు వస్తే, రెండు జట్లూ నన్ను వదిలేసి కోటిని అడిగేవి. దీక్షలో అబద్ధం ఆడకూడదు. "మా వాడికే తగిలింది స్వామీ" అని సొంత జట్టుకు వ్యతిరేకంగా చెప్పేవాడు. రాఘవయ్యగారు నా దగ్గరకొచ్చి, "జీతం నేనిస్తున్నా సార్, సాక్ష్యం అవతలాళ్లకు చెప్తున్నాడు" అని వాపోయాడు. అంత నిజం చెప్పినా నరసరావుపేట ఫైనల్‌కి ఎలా వచ్చిందో ఆ అయ్యప్పకే తెలియాలి.

ఫైనల్ మాచర్లతో. బెంగళూరు సెలెక్టర్ టెంటు కింద కూర్చున్నాడు. కోటి భార్య కూడా వచ్చింది. ఆమె ముఖం చూస్తే అటక మీద ఖాళీ చూసుకునే వచ్చినట్టుంది. మాచర్ల గోల్‌కీపర్ షరీఫ్, సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు, ఆ రోజు గోడ కట్టినట్టు ఆడాడు. మాచర్ల ఒక గోల్ ముందుంది. ఆట ముగియబోతుండగా నరసరావుపేటకు కార్నర్ దొరికింది. గుంపులో కోటి ఎగిరాడు, బంతి వలలో పడింది. నాకు అతని వీపు తప్ప ఏమీ కనబడలేదు. అసిస్టెంట్ రిఫరీ జెండా ఎత్తలేదు. గోల్ అని విజిల్ ఊదాను.

మైదానం అదిరిపోయింది. షరీఫ్ మాత్రం చేతికి తగిలిందని గోల. నిబంధన స్పష్టంగా ఉంది. గోల్ కొట్టినవాడి చేతికి తగిలి బంతి లోపలికి పోతే, కావాలని తగిలించకపోయినా గోల్ చెల్లదు. ఆట మళ్లీ మొదలయ్యేలోపు రిఫరీ తన నిర్ణయం మార్చుకోవచ్చు, మొదలైతే ఇక అంతే. మొదలుపెట్టాల్సింది గోల్ తిన్న జట్టు, అంటే మాచర్ల. రాఘవయ్యగారికి ఈ నిబంధన ఎవరు చెప్పారో తెలియదు గాని, గీత దగ్గరికి పరుగెత్తుకొచ్చి మాచర్ల వాళ్లనే బతిమాలడం మొదలుపెట్టాడు. "బాబ్బాబు, తొందరగా కిక్కాఫ్ కొట్టండయ్యా! టైమైపోతంది మీకు!"

షరీఫ్ బంతిని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు పట్టుకుని కోటి ముందుకొచ్చాడు. "స్వామీ, నువ్వే చెప్పు. చేతికి తగిలిందా లేదా?"

కోటి నా వైపు చూశాడు. రాఘవయ్యగారి వైపు, టెంటు వైపు, చివరగా భార్య వైపు చూశాడు. నేనూ అటే చూశాను. నాకు ఆ క్షణంలో నిజంగా బాధేసింది. ఎవరూ చూడలేదు, ఒక్కమాట అబద్ధమాడితే నేనూ బతికిపోతాను.

"తగిలింది స్వామీ," అన్నాడు. కాస్త ఆగి, "కొంచెమే తగిలింది," అన్నాడు.

గోల్ రద్దు చేసి మాచర్లకు ఫ్రీకిక్ ఇచ్చాను. ఆ తర్వాత ఆడటానికి పెద్దగా సమయం లేదు. మాచర్ల గెలిచింది. కోటి గీత దగ్గరికొచ్చి, కూర్చుని, బూట్లు విప్పి, వాటిని లోపలే వదిలేసి వెళ్లిపోయాడు. రాఘవయ్యగారు "ఒరేయ్" అని మొదలుపెట్టి, మాల చూసి మింగేసి, "స్వామీ, ఎంత పని చేశావు స్వామీ" అని దణ్ణం పెట్టాడు. మిగతా తిట్లన్నీ నాకు తిట్టాడు, నా మెడలో ఏ మాలా లేదు కదా.

సామగ్రి సర్దుకుంటుంటే సెలెక్టర్ వచ్చాడు. చేతికి తగిలిన గోల్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "ఆ ఎర్ర జెర్సీ ఫార్వర్డ్‌కి గీత దగ్గర అలా ఆగడం ఎవరు నేర్పారు? అంత వేగంలోంచి ఆగుతున్నాడు, ఒక్క బంతి బయటికి పోనివ్వలేదు. మా వాళ్లకు ఏళ్ల తరబడి నేర్పినా రావడం లేదు. ఎవరా కోచ్?"

"కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్ అండి," అన్నాను.

నమ్మలేదు. ఫోన్ కలిపి ఇచ్చాను. గురుస్వామి స్తంభం మీద ఉన్నానని, దిగాక మాట్లాడతానని పెట్టేశాడు. అంత తీరిక లేని కోచ్ అయితే గొప్పవాడే అయి ఉంటాడని సెలెక్టర్‌కి గౌరవం పెరిగింది. కోటిని ట్రయల్స్‌కి రమ్మన్నాడు. కొండకు వెళ్లొచ్చాక వస్తానని కోటి అంటే, సెలెక్టర్ సరేనన్నాడు. ఈ మాట విన్న అతని భార్య అక్కడే మట్టిలో కూర్చుని ఏడ్చింది. తర్వాత మైదానంలోకి వెళ్లి వదిలేసిన బూట్లు తెచ్చుకుంది. కోటిని ఆ క్లబ్బు ఒక సీజన్‌కి తీసుకుంది, తర్వాత ఇంకో సీజన్‌కి ఉంచుకుంది.

నేను ఉద్యోగంలో ఉండగా ఊదిన చివరి మ్యాచ్ మరుసటి ఏడు జరిగింది. ఆ క్లబ్బుకూ, మా లీగు జట్లన్నిటిలోంచి ఏరిన జట్టుకూ మధ్య స్నేహపూర్వక పోటీ. కోటి నున్నగా గడ్డం గీసుకుని, మాల లేకుండా, నన్ను సార్ అంటూ వచ్చాడు. ఆటలో మళ్లీ గుంపు, మళ్లీ నాకు అతని వీపు, మళ్లీ బంతి వలలో. మా లీగు జట్టు గోల్‌కీపర్ షరీఫే, మళ్లీ బంతి చంకన పెట్టుకుని వచ్చాడు. "చెప్పు కోటీ, తగిలిందా లేదా?"

కోటి ఆకాశం చూశాడు, నేల చూశాడు. "ఇప్పుడు నా మెడలో మాల ఉందా భాయ్?" అన్నాడు.

గోల్ రద్దు చేశాను. కోటి వాదించలేదు, తల గోక్కుంటూ వెనక్కి వెళ్లిపోయాడు.

రిఫరీ ఏ నిర్ణయానికైనా ఆటగాణ్ణి అడగకూడదని శిక్షణలో నేర్పుతారు. అది సరైన పద్ధతే, నేనూ కొత్తవాళ్లకు అదే నేర్పాను. కాని పక్కనెవరైనా అడుగుతుంటే, విజిల్ నోట్లో పెట్టుకుని జవాబు వచ్చేదాకా ఆగడంలో తప్పు లేదు.