నాయనమ్మ పోక

నవలలో మొక్క పేరు కనిపిస్తే నేను అక్కడ ఆగిపోతాను. తెనాలిలో పాత పుస్తకాల కొట్లో కొన్న ఒక నవలతో మొదలైంది ఈ అలవాటు. అందులో చాన్నాళ్ళకి ఇల్లు చేరిన భర్తని చూసి ఒకావిడ ఏమీ మాట్లాడదు. పెరట్లోకి వెళ్ళి మారేడు చెట్టు కింద నిలబడుతుంది. రెండోసారి చదువుతుంటే గానీ నాకు వెలగలేదు. మనిషి మారిపోతే మనం మారాడు అంటాం, ఆ కథ జరిగే వైపు మారేడు అంటారు. ఆవిడ అనలేని మాట చెట్టు అంటోంది. ఇంకో కథలో రైలెక్కేవాడికి కట్టిన దండలో మరువం ఎక్కువైందని అందరూ నవ్వుతారు. కట్టిన పిల్ల మాత్రం నవ్వదు. మరువం అంటే మర్చిపోం అని కూడా కదా.

ఇలాంటివి డైరీలో రాసుకునేదాన్ని. బాపట్లలో డిగ్రీ చదివేటప్పుడు ఒక్కసారే ధైర్యం చేసి తెలుగు మేడంగారికి చెప్పాను.

"అన్ని చెట్ల కిందా తవ్వకమ్మా," అన్నారావిడ. "కొన్ని ఉత్త చెట్లే."

క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు.

నాయనమ్మ రేపల్లెలో మా అత్త దగ్గర ఉంటుంది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఒక్కటి మిగిలింది.

"పోక."

మా ఇళ్ళల్లో అందరూ వక్క అంటారు. నాయనమ్మ ఒక్కతే పోక అనేది. చర్చి నుంచి రాగానే ఆకూ పోకా నోట్లో పడితే గానీ తెల్లచీర మార్చేది కాదు. చుట్టాలు బయల్దేరుతుంటే గుమ్మంలో తలా ఒక చెక్క చేతిలో పెట్టి, "పోతున్నారుగా, పోక పట్టుకుపోండి," అని తనే ముందు నవ్వేది. ఇప్పుడు ఏదైనా గొంతుకి అడ్డం పడుతుందని డాక్టరుగారు వక్క వద్దన్నారు. అన్నం కూడా మెత్తగా పిసికి పెట్టాలి.

ఆ ఆదివారం సాయంత్రం నేను బాపట్ల వెళ్ళాలి. అక్కడ బడిలో చెబుతున్నాను, ఉండేది హాస్టల్లో. సంచి భుజానికి తగిలించుకోగానే నాయనమ్మ ఎడమచెయ్యి మంచం పట్టెని పట్టుకుంది.

"పోక."

"మొదలెట్టావా అమ్మా," అంది అత్త. "పళ్ళు లేవు, మింగటం లేదు, వక్క మీద మాత్రం యావ చావలేదు." నా వైపు తిరిగి, "నువ్వెళ్ళవే. చెరుకుపల్లి మీదుగా వెళ్ళే బస్సు పోతే మళ్ళీ ఎప్పుడో."

నాకు ఇంకోటి వినిపించింది. చిన్నప్పుడు సెలవులైపోయి నేను సంచి సర్దుకుంటుంటే నాయనమ్మ కొంగు అడ్డం పెట్టి, "పోకే," అనేది. ఇప్పుడు నాలుక ఆ చివరిదాకా వెళ్ళటం లేదేమో.

"అత్తా, వక్క కాదేమో. నన్ను వెళ్ళొద్దంటుందేమో."

"అబ్బో. పొద్దున నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడూ అంది. బాత్రూముకి కూడా పోవద్దనా?"

పోక అంటే పోవటం కూడా. రాకపోకల్లో ఉన్నది అదే. ఆ మాట అత్త దగ్గర ఎత్తలేదు.

సంచి దింపేశాను. రేపు సెలవు కావాలండి అని హెడ్‌మాస్టరుగారికి మెసేజ్ పెట్టాను. వెంటనే జవాబొచ్చింది. ఏంటమ్మా, కారణం? మా నాయనమ్మ ఉండమందండి అని రాసి చెరిపేశాను. ఉండమందని నాకేం తెలుసు? ఇంట్లో బాగోలేదండి అని పెట్టాను.

మంచం పక్కన కూర్చుని నాయనమ్మ చెయ్యి పట్టుకున్నాను. బస్సు వెళ్ళిపోయే వేళ దాటింది. ఎదురింటివాళ్ళు పంపు దగ్గర బిందెలు కడుక్కుంటున్నారు. చెయ్యి వదులైంది. పడుకుందనుకున్నాను. విన్నది సరిగ్గానే విన్నానని కాసేపు నాకు ఎంత తేలికగా ఉందో.

కళ్ళు తెరిచింది. నన్ను చూసింది.

"పోక."

"వెళ్ళలేదు నాయనమ్మా. ఇక్కడే ఉన్నా."

"పోక," అంది, మొదట ఎంత ఆత్రంగా అందో అంతే ఆత్రంగా.

అత్త వంటింట్లోంచి తొంగిచూసింది. "బస్సు పోయింది, మాట మాత్రం పోలేదు. ఇన్ని పుస్తకాలు చదివావు కదే, మీ నాయనమ్మని కూడా చదివి చెప్పు."

లేచి గూట్లోంచి వక్కల డబ్బా తెచ్చాను. ఒక చెక్క నాయనమ్మ అరచేతిలో పెట్టి, నోటి దాకా వెళితే పట్టుకుందామని నా చెయ్యి దగ్గరే ఉంచాను. నోటి దాకా వెళ్ళలేదు. వేళ్ళు దాని మీద మూసుకోలేదు, దాన్ని పారెయ్యనూ లేదు. చెక్క అరచేతిలో అలాగే ఉంది. చెయ్యి కొంచెం నా వైపుకి వాలింది. నాకు ఇస్తోందో, బరువుకి వాలిందో.

తీసుకుంటే వెళ్ళిపోతున్నట్టు. తీసుకోకపోతే నాయనమ్మకి ఏం కావాలో ఇంకా అర్థం కానట్టు.

నా చెయ్యి కింద పెట్టి నాయనమ్మ చేతిని అలాగే మోస్తూ కూర్చున్నాను.

"పోక," అంది.

"ఆఁ, నాయనమ్మా," అన్నాను.