చెప్పు దాచిన కుక్క

వేప్పనపల్లి దగ్గర మా టమాటా తోటలో ఒక కుక్క ఉండేది. గట్టున విడిచిన నా చెప్పు ఎత్తుకుపోయి మట్టిలో పూడ్చిపెట్టడం దాని ఆట. దాచిన వెంటనే వచ్చి నా చేతులు నాకేది, కాళ్ల దగ్గర పడి పొర్లేది. మామూలుగా దానికి అంత ప్రేమ ఉండేది కాదు. అందుకే అది చేయి నాకిందంటే నవ్వుకుంటూ చెప్పు వెతకడానికి లేచేవాడిని.

అన్నకూ నాకూ బావి ఒకటే. మూడేసి రోజులు నీళ్ల వంతు. ఆ బావి పక్కన ఇద్దరిలో ఎవరూ బోరు వేయకూడదని నాన్న పోయినప్పుడు అనుకున్నాం. తొంభైల చివర ఒక ఎండాకాలం, పూట నీళ్ల కోసం కూడా నాతో గొడవపడే అన్న బుట్టెడు మామిడిపండ్లతో వచ్చాడు. నా మోకాలి నొప్పి ఎట్లుందని అడిగాడు.

"ఈ తూరి నా వంతు నీళ్లు కూడా నువ్వే కట్టుకోప్పా. నీ చెట్లు ఎండిపోతా ఉండాయి," అన్నాడు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రక్తసంబంధం యాడికి పోతుందని ఇంట్లో నా భార్యతో అన్నాను కూడా. రక్తసంబంధమట.

నాలుగో రోజు బావికి ముప్పై అడుగుల దూరంలో, అన్న చేలో బోరు లారీ నిలబడింది. నెల తిరగకముందే బావిలో బురదే మిగిలింది.

ఆ ఎండిన బావి గట్టున కూర్చుని ఉంటే కుక్క వచ్చి నా చేయి నాకింది. కిందికి చూసుకున్నాను. రెండు చెప్పులూ కాళ్లకే ఉన్నాయి. అయినా చేయి వెనక్కి లాక్కున్నాను.